లైసెన్సు రాని చిన్న కారు: కోయంబత్తూరు తెలుగు యంత్రశిల్పి జి.డి. నాయుడు

కోయంబత్తూరు నగరంలోని అవినాశి రోడ్డుపై 10.1 కిలోమీటర్ల పొడవున నిర్మించిన పైవంతెనను తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ 2025 అక్టోబరు 9న ప్రారంభించారు. ఆ వంతెనకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. ఇప్పుడు దానిపై నిత్యం వేలాది చిన్న కార్లు పరుగులు తీస్తున్నాయి. వంతెనకు పేరిచ్చిన వ్యక్తి 1952లోనే 2,000 రూపాయల ధరకు రెండు సీట్ల పెట్రోలు కారును సిద్ధం చేసి, ప్రభుత్వ అనుమతి లభించక ఆ ప్రయత్నాన్ని విరమించుకోవలసి వచ్చిందన్న సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. ప్రాథమిక విద్యతోనే చదువు చాలించిన ఒక రైతు బిడ్డ దక్షిణ భారత పారిశ్రామిక చరిత్రలో ఎలా నిలిచిపోయాడు, ఆయన కారు ఎందుకు నిలిచిపోయింది అన్నవి ఒకే కథలోని రెండు భాగాలు.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. విజయనగర రాజుల కాలంలోనూ ఆ తరువాతా తమిళ దేశానికి తరలివెళ్ళి, కొంగునాట నల్లరేగడి భూముల్లో పత్తి పండిస్తూ స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబాలలో వారిదొకటి. ఇంట్లో తెలుగు, ఊళ్ళో తమిళం మాట్లాడే ఆ కుటుంబాలే తరువాతి కాలంలో కోయంబత్తూరు మిల్లులకు, యంత్ర కర్మాగారాలకు పెట్టుబడిని, పనివారిని, యజమానులను అందించాయి. దొరైస్వామి పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు అచ్చిరాలేదు. ఉపాధ్యాయులతో పేచీ పెట్టుకుని ప్రాథమిక తరగతులలోనే చదువుకు స్వస్తి చెప్పి, తండ్రి పొలంలో పనికి కుదురుకున్నారు. అయితే చదువు మానినా తెలుసుకోవాలన్న కోరిక మానలేదు.

మోటారు సైకిలే పాఠశాల

యువకుడిగా ఉన్న రోజులలో ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటారు సైకిలుపై తమ ప్రాంతానికి రావడం నాయుడు చూశారు. ఎద్దుబండి తప్ప మరో వాహనం ఎరుగని పల్లెలో, లాగే జంతువు లేకుండా కదిలే ఆ బండి ఆయన మనసును పట్టేసింది. దానిని సొంతం చేసుకోవాలన్న పట్టుదలతో కోయంబత్తూరుకు వచ్చి ఒక హోటలులో సర్వరుగా చేరారు. కొన్నేళ్ళపాటు రూపాయి రూపాయి కూడబెట్టి, చివరకు ఆ మోటారు సైకిలునే కొన్నారు.

కొన్నవారెవరైనా దానిపై ఊరేగేవారు. నాయుడు మాత్రం దానిని విప్పారు. ఒక్కొక్క భాగాన్ని ఊడదీసి, అది ఏ పని చేస్తుందో గ్రహించి, తిరిగి బిగించారు. పెట్రోలు గాలితో కలిసి సిలిండరులోకి ఎలా చేరుతుంది, నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలి, పిస్టన్ తోపు చక్రపు తిరుగుడుగా ఎలా మారుతుంది అన్న పాఠాలు ఆయన పుస్తకాలలో కాక చేతివేళ్ళతో నేర్చుకున్నారు. ఆ కాలంలో మోటారు వాహనాల మరమ్మతు తెలిసినవారు జిల్లాలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మందే ఉండేవారు. ఆ విద్య నాయుడికి జీవనోపాధి అయింది. ఆ రడ్జ్ బండిని కోయంబత్తూరులోని ఆయన ప్రదర్శనశాలలో భద్రపరిచారు.

నడుమ ఆయన పత్తి వ్యాపారంలోకీ దిగారు. కొంత సంపాదించిన మీదట బొంబాయి మార్కెట్లో అదృష్టం పరీక్షించుకోబోయి, చేతిలో ఉన్నదంతా పోగొట్టుకుని వెనక్కి వచ్చారు. సట్టా వ్యాపారం తన దారి కాదని, యంత్రమే తన దారి అని ఆయనకు ఆ దెబ్బతో తేలిపోయింది.

పొల్లాచి నుంచి పళనికి

ఆ దశలో ఆయనను ఆదుకున్నవారు కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త సర్ రాబర్ట్ స్టేన్స్. కాఫీ వ్యాపారం, నూలు మిల్లు, పాఠశాలలు నెలకొల్పిన ఆ వృద్ధుడు నాయుడి పనితనాన్ని గుర్తించి, ఒక బస్సు కొనుక్కోవడానికి అప్పు రూపంలో సాయపడ్డారు. 1920లో నాయుడు ఆ బస్సును పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడపడం ప్రారంభించారు. డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే. సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనానికి పళని వెళ్ళే యాత్రికులు ఏడాది పొడవునా ఉండే ఆ దారిలో అప్పటికింకా రైలు పడలేదు. బస్సుకు గిరాకీ కొరత లేకపోయింది.

ఒక్క బస్సుతో మొదలైన ఆ వ్యాపారం యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థగా ఎదిగి, యు.ఎం.ఎస్. అన్న మూడక్షరాలతో కొంగునాట ఇంటింటా పరిచితమైంది. కొద్ది సంవత్సరాలలోనే దేశంలో అత్యంత సమర్థంగా నడిచే బస్సు సంస్థలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. బస్సు వేళకు రావడం, వేళకు పోవడం ఆ రోజులలో అరుదు. నాయుడి సంస్థ ఆ అరుదైన విషయాన్ని అలవాటుగా మార్చింది.

మర చుట్టు కలవకపోతే

ఆ వేళపాలన వెనుక కనిపించని శ్రమ ఒకటి ఉంది. అది విడి భాగాల వేట. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు భారతదేశంలో మోటారు వాహనాల ఇంజన్లు తయారయ్యేవి కావు. ఛాసిస్‌లు, ఇంజన్లు అమెరికా, బ్రిటన్‌ల నుంచి ఓడలలో వచ్చేవి. విద్యుత్ పరికరాలు, మాగ్నెటోలు, బేరింగులలో జర్మనీది పైచేయి. ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క కొలత. బ్రిటన్‌లో 1841 నుంచి వాడుకలో ఉన్న విట్‌వర్త్ పద్ధతిలో మర చుట్టు కోణం 55 డిగ్రీలు. అమెరికా పద్ధతిలో అది 60 డిగ్రీలు. జర్మనీ సరుకుకు అంగుళంతో పని లేదు, అంతా మిల్లీమీటర్లే. చూపుకు ఒకేలా ఉండే రెండు బోల్టులలో ఒకటి నట్టులోకి సాఫీగా వెళుతుంది, రెండోది రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే మర చెడుతుంది, రోడ్డు మీద ఊడిపోతుంది. అమెరికా, బ్రిటన్, కెనడా ఉమ్మడి మర చుట్టుకు అంగీకరించడానికి 1948 దాకా పట్టింది. భారతదేశం మెట్రిక్ కొలతల చట్టం చేసింది 1956లో.

కాబట్టి ఆ కాలపు మెకానిక్కుకు ఇంజను విద్య ఎంత అవసరమో, ఏ దేశపు భాగం ఏ దేశపు ఇంజనుకు సరిపోతుందన్న జ్ఞానం అంత అవసరం. సరిపోని చోట లేతు మీద తరగాలి, తొడుగు వేయాలి, కొత్త మర తీయాలి. పిస్టన్ రింగు అరిగితే విదేశం నుంచి వచ్చేదాకా బస్సును షెడ్డులో నిలబెట్టే స్తోమత ఏ యజమానికీ ఉండదు. యుద్ధకాలంలో పెట్రోలు కరువైనప్పుడు మద్రాసు రాష్ట్రంలోని బస్సులకు వెనుక భాగాన బొగ్గు పొయ్యి వంటి పీపాను అమర్చి, ఆ వాయువుతో ఇంజన్లు నడిపారు. అందువల్ల శక్తి బాగా తగ్గి, ఎత్తు ఎక్కలేక ప్రయాణికులు దిగి తోయవలసి వచ్చేది. దిగుమతి మీద ఆధారపడిన యంత్రం ఎంత పరాధీనమో ఆ రోజులు అందరికీ నేర్పాయి. నాయుడికి మాత్రం ఆ పాఠం అంతకు ముందే వంటబట్టింది.

ఊరిలోనే మోటారు

1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి విద్యుత్తు రావడంతో కోయంబత్తూరు రూపురేఖలు మారిపోయాయి. మిల్లులు వెలిశాయి, బావుల మీద పంపులు వెలిశాయి. కాని వాటిని తిప్పే విద్యుత్ మోటార్లు విదేశాలవే. 1937లో నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి పీలమేడులోని న్యూ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో దేశవాళీ మోటారును తయారు చేశారు. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దానిని చెప్పుకుంటారు. బాలసుందరం ఆ తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. నేడు కోయంబత్తూరు పంపుసెట్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాలలోని బోరుబావుల మీద కూడా కనిపిస్తున్నాయంటే ఆ పరంపరకు నాంది ఆ షెడ్డులోనే పడింది.

ఐరోపా, అమెరికా దేశాలలో నాయుడు పలుమార్లు పర్యటించారు. కర్మాగారాలు చూడడం, నచ్చిన యంత్రాన్ని కొనడం, ఇంటికి తెచ్చి విప్పడం ఆయన యాత్రల తీరు. కెమెరా చేత పట్టి లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంత్యయాత్రను సైతం చిత్రీకరించారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు అమర్చిన రసంత్ అనే గడ్డం గీసుకునే యంత్రాన్ని రూపొందించి జర్మనీలో తయారు చేయించారు. అతి పలుచని బ్లేడు, కిరోసిన్‌తో తిరిగే పంకా, పండ్ల రసం తీసే యంత్రం, కెమెరాలో దూరాన్ని సరిచేసే పరికరం, అక్రమాలకు తావివ్వని ఓటు నమోదు యంత్రం ఆయన చేతి నుంచి వెలువడినవే. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని 1941లో ప్రకటించారు. ఆయన ప్రతి ప్రయత్నంలోనూ ఒకే సూత్రం కనిపిస్తుంది. ధనవంతుడి ఇంటి వస్తువును సామాన్యుడి కొనుగోలు శక్తికి దించడం ఆ సూత్రం.

నాలుగేళ్ళ చదువుతో విభేదం

తాను బడిలో పొందలేనిది ఇతరులకు అందాలని ఆయన ఆశించారు. 1945లో కోయంబత్తూరులో ఏర్పడిన ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలలకు ప్రధాన దాత ఆయనే. నాటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన ఆ కళాశాలే కాలక్రమంలో ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారింది. ప్రిన్సిపాలు బాధ్యతలు కూడా నాయుడే స్వీకరించారు. అయితే నాలుగేళ్ళ కోర్సు విద్యార్థి కాలాన్ని వృథా చేస్తుందని, రెండేళ్ళలో అదే విద్య నేర్పవచ్చని ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవికి రాజీనామా చేశారు.

ఈ వాదనలో కొంత నిజం, కొంత అతిశయం ఉన్నాయి. విప్పి బిగించే నేర్పు చేతిపనితోనే త్వరగా వస్తుంది. కాని వంతెన బరువును, ఉక్కు లక్షణాన్ని లెక్కకట్టడానికి గణితం కావాలి, దానికి సమయం కావాలి. తన మార్గంలో తాను గెలిచినవాడికి మరో మార్గం అనవసరమనిపించడం సహజం. ఏమైనా దేశంలో పట్టభద్రుల సంఖ్య పెరిగి, పని తెలిసినవారు కరవయ్యారని పరిశ్రమలు వాపోతున్న నేటి పరిస్థితిలో ఆయన లేవనెత్తిన ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంది.

రెండు సీట్లు, రెండు వేలు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి కారు మన దేశంలో జమీందారులకు, ఉన్నతాధికారులకు, పెద్ద వ్యాపారులకు పరిమితమైన వాహనం. ప్రపంచంలో అప్పటికే గాలి మారింది. 1922లో బ్రిటన్‌లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ మధ్యతరగతిని చక్రాల మీదికి ఎక్కించింది. అదే కారును లైసెన్సు తీసుకుని జర్మనీలో డిక్సీ పేరుతో, ఫ్రాన్సులో రోజెన్‌గార్ట్ పేరుతో తయారు చేశారు. డిక్సీని 1928లో చేజిక్కించుకోవడంతోనే బి.ఎం.డబ్ల్యు. సంస్థ కార్ల రంగంలో అడుగుపెట్టింది. ఇటలీలో 1936లో 569 సి.సి. ఫియట్ 500, ఫ్రాన్సులో 1948లో 375 సి.సి. సిట్రోయెన్ 2 సి.వి. వచ్చాయి. ఒక దేశపు చిన్న ఇంజను మరో దేశపు చేతుల్లో మారి, అక్కడి రోడ్డుకు, అక్కడి జేబుకు తగినట్టు కొత్త రూపం దాల్చడం అప్పటికి సాధారణ విషయం.

నాయుడి రెండు సీట్ల పెట్రోలు కారు 1952లో బయటికి వచ్చింది. ధర 2,000 రూపాయలు. యుద్ధానంతర ఐరోపాలో ఇసెట్టా, మెసర్‌ష్మిట్ వంటి బుల్లి కార్లు మార్కెట్లోకి వచ్చింది 1953లో. అంటే కోయంబత్తూరు ఆలోచన ప్రపంచపు ఆలోచనకు వెనుకబడిలేదు. వెనుకబడింది అనుమతి మాత్రమే. తయారీకి అవసరమైన లైసెన్సును ప్రభుత్వం నిరాకరించింది. కారు ఉత్పత్తి ఆగిపోయింది.

ప్రభుత్వం వైపు కారణాలు లేకపోలేదు. 1951లో ఆమోదించిన పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1952 మేలో అమలులోకి వచ్చింది. ఉక్కు కొరత, విదేశీ మారక ద్రవ్యం కొరత ఉన్న దేశంలో ఏ వస్తువు ఎవరు ఎంత తయారు చేయాలో ప్రభుత్వమే నిర్ణయించే విధానం ఆ చట్టంతో స్థిరపడింది. కార్ల తయారీకి హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ ఆటోమొబైల్స్ వంటి కొద్ది సంస్థలనే ఎంచుకున్నారు. కేవలం విడి భాగాలు దిగుమతి చేసి ఇక్కడ బిగించే ఫోర్డు, జనరల్ మోటార్స్ సంస్థలు దుకాణం కట్టేశాయి. మరో వాదన కూడా ఉంది. ఒక కారును తయారు చేయడం వేరు, వేల కార్లను తయారు చేయడం వేరు. కార్బ్యురేటరు, బేరింగు, క్రాంక్‌షాఫ్టు సరఫరా చేసే చిన్న పరిశ్రమల వ్యవస్థ నాటికి దేశంలో లేదు. ఆ భాగాలను బయటి నుంచి తెస్తే 2,000 రూపాయల ధర నిలిచేదా అన్నది సందేహమే. అయితే ఆ సందేహానికి సమాధానం మార్కెట్టు చెప్పవలసింది. కార్యాలయం చెప్పింది. నాయుడి బాధ అంతా అక్కడే ఉంది.

పగిలిన పరికరాలు

కారు విషయంలో ఎదురైన తిరస్కారానికి తోడు, సంపాదనపై విధించిన భారీ పన్నులు ఆయనను మరింత నొప్పించాయి. ఆదాయాన్ని పరిశోధనకు ఖర్చు పెట్టేవాడికి, నగలకు ఖర్చు పెట్టేవాడికి తేడా చూడని పన్ను విధానం న్యాయం కాదని ఆయన భావించారు. నిరసనగా తాను తయారు చేసిన పరికరాలను జనం కళ్ళెదుటే పగలగొట్టించారు. కన్నబిడ్డల వంటి వస్తువులను సొంత చేతులతో ధ్వంసం చేసుకోవడం కొందరికి త్యాగంగా, కొందరికి మొండితనంగా తోచింది. విధానాలు మాత్రం మారలేదు.

అంతటితో ఆయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1967లో ఉదయం 6 గంటలకు పునాది వేసి, సాయంత్రం 5 గంటలకల్లా ఇల్లు పూర్తి చేసి చూపించారు. పత్తి, పండ్ల మొక్కల మీద ప్రయోగాలు చేశారు. యువకులకు స్వల్పకాలిక సాంకేతిక శిక్షణ ఇప్పించారు. నోబెల్ బహుమతి గ్రహీత సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త ఆయన ప్రతిభను మెచ్చుకున్నారు. 1974 జనవరి 4న, 80 ఏళ్ళ వయసులో నాయుడు కన్నుమూశారు. ఆయన మరణించేనాటికి కూడా భారతదేశంలో సామాన్యుడి కారు కాగితాల మీదే ఉంది.

ముప్పై ఏళ్ళ తరువాత

చౌక కారు కావాలా అన్న ప్రశ్నపై 1960లలో కమిటీలు కూర్చున్నాయి, నివేదికలు ఇచ్చాయి. చివరకు 1981లో ప్రభుత్వ రంగంలో మారుతి ఉద్యోగ్ ఏర్పడి, జపాన్‌కు చెందిన సుజుకి సంస్థ సహకారంతో 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800ను రోడ్డెక్కించింది. దాని ఇంజను 796 సి.సి., మూడు సిలిండర్లు. నాయుడి కారుకు, ఆ కారుకు మధ్య 31 ఏళ్ళు గడిచాయి. మారుతి తొలి కార్లలో ఎక్కువ భాగాలు జపాన్ నుంచి వచ్చినవే. వాటిని ఒక్కొక్కటిగా ఇక్కడే తయారు చేయించే క్రమంలో దేశమంతటా విడి భాగాల పరిశ్రమ వేళ్ళూనుకుంది. 1952లో లేని వ్యవస్థ అలా రూపుదిద్దుకుంది. కార్ల తయారీకి లైసెన్సు నిబంధనను 1993లో తొలగించారు.

లక్ష రూపాయల కారును టాటా సంస్థ 2008లో ప్రదర్శించింది. 624 సి.సి. రెండు సిలిండర్ల ఇంజను గల ఆ నానో 2009లో మార్కెట్లోకి వచ్చి, ఆశించిన ఆదరణ పొందలేక 2018లో ఉత్పత్తి నిలిచిపోయింది. దానికి లైసెన్సు అడ్డం రాలేదు. కొనేవారే చాలినంతమంది రాలేదు. చౌక ఒక్కటే కారును అమ్మదని నానో చరిత్ర చెబుతోంది. నాయుడి కారుకు కూడా బహుశా అదే గతి పట్టేదేమో, లేక మరో ఆస్టిన్ సెవెన్ అయ్యేదేమో. నిర్ణయించే అవకాశం కొనుగోలుదారుకు రాలేదన్నదే మిగిలిన నష్టం.

కోయంబత్తూరులో అవినాశి రోడ్డుపైనే నాయుడి పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల ఉంది. ఆయన వారసులు 2015లో కార్ల ప్రదర్శనశాలను కూడా ప్రారంభించారు. ఒకనాడు హోటలు సర్వరు జీతం కూడబెట్టి కొన్న మోటారు సైకిలు ఊరి మెకానిక్కులకు తొలి పాఠ్యపుస్తకమైంది. నేడు ఆ నగరపు షెడ్లలో తయారవుతున్న పంపులు, మోటార్లు, వాహనాల విడి భాగాలు దేశదేశాలకు ఎగుమతి అవుతున్నాయి. ఒకప్పుడు విదేశీ బోల్టు కోసం ఓడ రాక కోసం ఎదురుచూసిన ఊరు ఇప్పుడు విదేశీ కర్మాగారాలకు బోల్టు పంపుతోంది. నాయుడి కారు రోడ్డెక్కలేదు. ఆ కారుకు కావలసిన ఊరు మాత్రం ఆయన తరువాత తయారైంది.